లావు అక్షరము: వీధి గోడ నుండి బైబిలు పుట వరకు

అచ్చు యంత్రము లేకపోతే సంస్కరణోద్యమము అంత త్వరగా ఐరోపా అంతటా వ్యాపించేది కాదని సంఘ చరిత్ర పాఠాలలో మనమందరము చదువుకున్నాము. ఏ గ్రంథము ఎప్పుడు అచ్చయింది, ఎవరు అనువదించారు, ఎవరు నిషేధించారు అనే విషయాలపై మన చరిత్రకారులు ఎంతో శ్రమించారు. అయితే అది ఎటువంటి అక్షరములో అచ్చయింది అనే ప్రశ్నను చాలామంది అచ్చు పనివారికే వదిలివేశారు. ఈ వ్యాసంలో మేము ఒకే ఒక అక్షర రూపమును తీసుకొని పరిశీలించదలచాము. లావుగా, ఇరుకుగా, నిలువుగా సాగి, ప్రతి గీత కొసన చిన్న అడ్డ పట్టీ ఉండే ఆంగ్ల అక్షరమది. పాత సర్కసు పోస్టర్లలోను, నేరస్థుని పట్టి ఇచ్చినవారికి బహుమానమని చెప్పే అమెరికా ప్రకటనలలోను పాఠకులు దీనిని చూచియే ఉంటారు. కొసన ఉండే పట్టీని సెరిఫ్ అని, ఇరుకైన రూపాన్ని కండెన్స్‌డ్ అని, లావును బోల్డ్ అని, దూరము నుండి కనబడుటకు చేసిన పెద్ద టైపును డిస్‌ప్లే టైపు అని ముద్రాపకులు అంటారు.

ఇది సంఘకాపరులకు ఎందుకు అని అడగవచ్చు. ఇటీవలి అనువాదాలలో ఏ బైబిలు తెరచినా పుటలో మన కన్ను మొదట పడేది లావు అక్షరాలలో ఉన్న శీర్షిక మీద. దానిని ఏ ప్రవక్త గాని, ఏ అపొస్తలుడు గాని వ్రాయలేదు. అయినా ప్రసంగానికి అంశము చాలాసార్లు అక్కడి నుండే దొరుకుతుంది. ఈ లావు అక్షరము మన పుటలోకి ఎక్కడి నుండి వచ్చింది? వెదుకుతూ పోతే మనము చేరేది మఠానికి కాదు, విశ్వవిద్యాలయానికి కాదు, లండను నగరములోని లాటరీ దుకాణానికి.

తొలి అచ్చులో పెద్ద అక్షరము

గూటెన్‌బర్గ్ మైంజ్ పట్టణములో సుమారు 1455లో ముగించిన లాటిను బైబిలు పుటకు రెండు వరుసలు, వరుసకు 42 పంక్తులు కలిగినది. అందులో వాడిన టెక్స్‌చురా అక్షరమే ఒక విధంగా ఇరుకైన నల్లని అక్షరము. లేఖకులు తోలు కాగితము ఆదా కొరకు, పుట నిండుగా కనబడుట కొరకు శతాబ్దాలుగా అలాగే వ్రాస్తూ వచ్చారు. ఆయన ఆ రూపాన్నే లోహములో పోతపోశాడు.

పెద్ద అక్షరమును, చిన్న అక్షరమును ప్రక్కప్రక్కన పెట్టి పాఠకుని కన్నును ఆకర్షించే పద్ధతి మాత్రం ఆ బైబిలులో కంటె అదే పట్టణములో 1454–55లో అచ్చయిన పాపపరిహార పత్రములలో స్పష్టంగా కనబడుతుంది. సైప్రస్ రక్షణకు ధనము పోగుచేయుటకై ఐదవ నికొలాస్ పోపు అనుమతితో అవి అమ్మబడ్డాయి. పత్రములోని విషయము చిన్న టైపులో, శీర్షిక పదాలు పెద్ద నల్లని టెక్స్‌చురాలో ఉంటాయి. కొన్నవాని పేరు, తేది వ్రాయుటకు ఖాళీ విడిచిపెట్టారు. లూథరు విటెన్‌బర్గులో తన 95 వాదములు ప్రకటించుటకు 63 సంవత్సరాల ముందే, ఆయన ఖండించబోయే సరుకు పెద్ద అక్షరాలతో సిద్ధమైందన్నమాట.

అయినను అది వేరే రకపు అక్షరమే గాని, అదే అక్షరపు లావు రూపము కాదు. ఆ తరువాత దాదాపు నాలుగు వందల ఏండ్లు పుస్తకములో నొక్కి చెప్పుటకు ముద్రాపకునికి ఉన్నవి ఎర్ర సిరా, పెద్దక్షరాలు, వాలు అక్షరాలు, లేదా ఒక రకము టైపు మధ్య మరొక రకము టైపు. 1560 నాటి జెనీవా బైబిలు మూలములో లేని, అనువాదకులు అర్థము కొరకు చేర్చిన పదాలను వాలు అక్షరాలలో అచ్చువేసింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు నల్లని గోతిక్ అక్షరములో అచ్చయింది కనుక అటువంటి పదాలను అందులో సన్నని రోమను అక్షరములో పెట్టారు. అంటే చేర్చిన పదము తగ్గి ఉండాలన్నది వారి ఉద్దేశము. తరువాతి ముద్రణలు రోమను అక్షరానికి మారినప్పుడు ఆ పదాలు వాలు అక్షరాలయ్యాయి. మరోవైపు సాధారణ పుస్తకాలలో వాలు అక్షరము నొక్కి పలుకుటకు గుర్తుగా స్థిరపడింది. ఫలితము తలక్రిందులైంది. 1 రాజులు 13:27లో ముసలి ప్రవక్త గాడిదకు గంత కట్టుమని కుమారులతో చెప్పగా వారు కట్టారు. హెబ్రీలో 'కట్టిరి' అన్నంత మాత్రమే ఉంది. ఆంగ్ల అనువాదకులు దాని తరువాత ఒక సర్వనామము చేర్చి వాలు అక్షరములో పెట్టారు. ఆ పదాన్ని నొక్కి చదివితే కుమారులు గంత కట్టినది గాడిదకు కాదు, తండ్రికే అన్నట్టు వినబడుతుంది! ఇంగ్లండు బోధకుల మధ్య ఇది చాలాకాలము హాస్యముగా చెప్పుకోబడింది. హాస్యమే గాని, అచ్చు గుర్తుకు ముద్రాపకుడు ఇచ్చిన అర్థము ఒకటి, పాఠకుడు తీసుకొన్న అర్థము మరొకటి కావచ్చుననుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ మాకు కనబడలేదు.

లాటరీ, నాటకము, చెక్క టైపు

పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో లండను గోడలు ప్రకటనలతో నిండిపోయాయి. ప్రభుత్వ లాటరీ టిక్కెట్లు అమ్మేవారు, నాటకశాలలు, బండ్ల యజమానులు, మందుల వ్యాపారులు అందరూ ఒకే గోడ కొరకు పోటీపడ్డారు. పుస్తకాలకు చేసిన సన్నని అక్షరము వీధిలో నడిచిపోయే వానికి కనబడదు. రాబర్ట్ థోర్న్ అనే టైపు పోత పనివాడు నిలువు గీతలను విపరీతంగా లావుచేసి, అడ్డ గీతలను వెంట్రుకవలె ఉంచిన అక్షరాలు ప్రవేశపెట్టాడని 1822లో విలియం సావేజ్ అనే ముద్రాపకుడు వ్రాశాడు. సుమారు 1815లో విన్సెంట్ ఫిగ్గిన్స్ తన నమూనా పుస్తకములో మరొక అడుగు వేసి, గీతలన్నీ దాదాపు ఒకే లావున, కొసలు పలకలవలె ఉన్న అక్షరము చూపాడు. 1825లో థామస్ హాన్సర్డ్ తన ముద్రణా గ్రంథములో వీటిని వికృత రూపాలని ఎగతాళి చేశాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. ఆ లాటరీ సహితము 1826లో నిలిచిపోయింది గాని అక్షరము నిలిచింది.

ఇరుకుతనము ఎందుకు వచ్చిందో తెలుసుకొనుట సులభమే. కాగితము వెడల్పు మారదు. అక్షరము ఎంత లావైతే పంక్తిలో అన్ని తక్కువ అక్షరాలు పడతాయి. పొడవైన మాటను పెద్దగా వేయాలంటే అక్షరాన్ని ప్రక్కల నుండి కుదించి ఎత్తు పెంచాలి. కాని అంత పెద్ద అక్షరాలు సీసపు మిశ్రమములో పోస్తే బరువు ఎక్కువ, ఖరీదు ఎక్కువ, చల్లారేటప్పుడు ముఖము పల్లమయ్యేది. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ అనే ముద్రాపకుడు చెక్కను తొలిచే యంత్రమొకటి తయారుచేసి, మరుసటి సంవత్సరము చెక్క టైపు నమూనా పుస్తకము వెలువరించాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ తొలుపు యంత్రానికి పాంటోగ్రాఫ్ జతచేశాడు. అప్పటి నుండి ఒక్క అచ్చుచెక్కను అనుసరించి ఎన్నో పరిమాణాలలో అక్షరాలు కోయుట సాధ్యమైంది. గట్టి మేపుల్ చెక్కను అడ్డకోతగా కోసి, ఆ ముఖముమీద అక్షరము చెక్కేవారు.

ఇక్కడ ఒక పని రహస్యము గమనించదగినది. పోస్టరు కూర్చేవాడు ప్రతి పంక్తి కాగితము అంచు నుండి అంచు వరకు నిండేలా చూస్తాడు. చిన్న మాటకు వెడల్పు టైపు, పొడవైన మాటకు ఇరుకు టైపు ఎన్నుకొంటాడు. కాబట్టి ఏ పంక్తి ఎంత పెద్దగా కనబడాలన్నది కొంతవరకు మాట ప్రాముఖ్యతను బట్టి, కొంతవరకు ఆ అచ్చు కార్యాలయములో ఏ టైపు ఉన్నదన్న దానిని బట్టి నిర్ణయమయ్యేది.

అదే అక్షరము, వేరు కేక

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మనుష్యులను వేలము వేసే ప్రకటనలు ఈ లావు అక్షరాలతోనే వెలువడ్డాయి. పారిపోయిన దాసుని పట్టి ఇచ్చినవారికి బహుమానమని చెప్పే కరపత్రాలకైతే టైపు కంపెనీలు అక్షరాలతోబాటు ఒక సిద్ధమైన బొమ్మ కూడా అమ్మేవి: మూట భుజాన వేసుకొని పరుగెత్తే మనిషి. మంగళివాని దుకాణానికి ఒక బొమ్మ, గుఱ్ఱపు బండికి ఒక బొమ్మ, దాసునికి ఒక బొమ్మ, అన్నీ ఒకే నమూనా పుస్తకములో.

1850లో అమెరికా పార్లమెంటు దాసుల అప్పగింత చట్టము చేసింది. స్వేచ్ఛా రాష్ట్రానికి తప్పించుకొని వచ్చినవానిని కూడా పట్టి యజమానునికి అప్పగించవలసిందే. 1851 ఏప్రిల్ 12న థామస్ సిమ్స్ అనే యువకుని బోస్టను నుండి ఓడలో జార్జియాకు తిప్పి పంపారు. పన్నెండు రోజుల తరువాత, ఏప్రిల్ 24న, బోస్టను గోడలమీద ఒక పోస్టరు వెలిసింది. పైన అతి పెద్ద లావు అక్షరాలలో జాగ్రత్త అనే హెచ్చరిక, దాని తరువాత రెండు ఆశ్చర్యార్థకాలు. నగర కాపలాదారులతోను పోలీసులతోను మాట్లాడవద్దని, వారు మనుష్యులను పట్టుకొని అప్పగించే పనిలో ఉన్నారని నల్లజాతి ప్రజలకు అది చెప్పింది. దీనిని వ్రాసినవాడు థియొడోర్ పార్కర్ అని చరిత్రకారులు చెబుతారు. ఆయన యూనిటేరియన్ సంఘ బోధకుడు. త్రియేకత్వము, లేఖన ప్రామాణ్యము విషయాలలో ఆయన బోధను మేము అంగీకరించలేము. అయితే దానికి ఒక సంవత్సరము ముందు, 1850 మే 26న, చార్ల్‌స్టన్‌లో నల్లవారి కొరకు కట్టిన ఆలయ ప్రతిష్ఠలో జేమ్స్ హెన్లీ థోర్న్‌వెల్ అనే ప్రెస్బిటేరియన్ వేదాంతి యజమానుల హక్కులను, విధులను గూర్చి ప్రసంగిస్తూ దాసత్వాన్ని లేఖనాలతో సమర్థించాడు. సిద్ధాంతములో ఆయన మనకు దగ్గరవాడు. ఆ ప్రసంగము అదే సంవత్సరము పుస్తకముగా అచ్చయింది. ఆ రెండు అచ్చు కాగితాలను ప్రక్కప్రక్కన ఉంచి సంఘ చరిత్ర తరగతిలో చదివించవలసిందని మా అభిప్రాయము.

వీధి నుండి పుటలోకి

థోర్న్ 1820లో మరణించాడు. లండనులోని ఆయన ఫాన్ స్ట్రీట్ టైపు కార్ఖానాను విలియం థోరోగుడ్ అనే ఆయన కొన్నాడు. ఆ సొమ్ము లాటరీలో గెలిచినదేనని అంటారు. లాటరీ ప్రకటనల వలన పెరిగిన కార్ఖానా లాటరీ సొమ్ముకే అమ్ముడయిందన్నమాట! తరువాతి కాలములో అందులో భాగస్థుడైన రాబర్ట్ బెస్లీ 1845లో బెంజమిన్ ఫాక్స్ అనే పనివానితో ఒక క్రొత్త అక్షరము చెక్కించి, దానికి క్లారెండన్ అని పేరు పెట్టి, 1842 నాటి డిజైన్ల చట్టము క్రింద నమోదు చేయించాడు. మూడు సంవత్సరాలు ఇతరులు నకలు చేయకూడదు. గడువు తీరగానే ఇతర కార్ఖానాలవారు నకలు చేశారు. (బెస్లీ మాత్రం నష్టపోలేదు. 1869లో లండను లార్డు మేయరు అయ్యాడు.)

క్లారెండన్ లావుగాను కొంత ఇరుకుగాను ఉంటుంది. కొసలు గట్టిగా ఉన్నా పోస్టరు అక్షరమంత మోటుగా ఉండవు. దాని ప్రత్యేకత ఏమనగా, అది సాధారణ రోమను అక్షరాల మధ్య అదే పంక్తిలో, అదే పరిమాణములో ఒదిగి ఉండుటకు చేయబడింది. గోడమీది కేకను పుస్తకపు పంక్తిలోకి తెచ్చిన మెట్టు ఇదే. నిఘంటువులకు ఇది వరమైంది. జేమ్స్ మర్రే సంపాదకత్వములో 1884 నుండి వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో మూలపదాలన్నీ క్లారెండన్‌లోనే ఉన్నాయి. వెదికే మాట చప్పున కంటబడాలి గదా. పాఠ్యపుస్తకాలు, రైలు సమయ పట్టికలు, వ్యాఖ్యాన గ్రంథాలు, అన్నింటిలో ఈ పద్ధతి వ్యాపించింది. నిఘంటువులో లావు అక్షరము చేసే పని దారి చూపుట. అది చదువరికి మేలే. కాని అదే గుర్తును ఒక కథనములోనో ఒక పత్రికలోనో వాక్యాల మధ్య నిలబెట్టినప్పుడు అది దారి చూపుటతో ఆగక, ఏది ముఖ్యమో కూడ తేల్చివేస్తుంది.

మన తెలుగు అచ్చులో

తాటాకుమీద గంటముతో గీసినప్పుడు గీత లావు మార్చుటకు వీలులేదు. గీత పడుతుంది, దానిలో మసి పూస్తారు, అంతే. కనుక మన లిపికి లావు సన్నముల సంప్రదాయము లేదు. బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణములో 1746–47లో వేయించిన తెలుగు పుస్తకాలతో మన అచ్చు చరిత్ర ఆరంభమైంది. శ్రీరాంపూరులో కేరీ, మార్ష్‌మన్, వార్డులు తెలుగు టైపు తయారుచేయించారు. 1812 మార్చి 11న ముద్రణాలయము కాలిపోయినప్పుడు కాగితము, వ్రాతప్రతులు, కేరీ తెలుగు వ్యాకరణముతో సహా, బూడిదయ్యాయి. టైపులు కరిగి ముద్ద అయ్యాయి. అయితే వాటిని పోయుటకు వాడే ఉక్కు అచ్చులు శిథిలాలలో చెడకుండా దొరికాయి. కరిగిన లోహముతోనే తిరిగి టైపు పోయించారు. 1814లో ఆ వ్యాకరణము మరల సిద్ధమై అచ్చయింది.

తెలుగులో పెద్దక్షరము, చిన్నక్షరము అనే భేదము లేదు. వాలు అక్షరము మనది కాదు. కనుక నొక్కి చెప్పుటకు మన ముద్రాపకునికి మిగిలినవి పరిమాణము, లావు, ఈ రెండే. ఆంగ్లము కంటె మనము లావు అక్షరముమీద ఎక్కువగా ఆధారపడ్డామనుటకు ఇదే కారణమని మేము తలస్తున్నాము. అయినను మన అక్షరాలు గుండ్రనివి. లావుచేస్తే లోపలి ఖాళీ పూడిపోతుంది. ఇరుకుచేస్తే తలకట్టు, దీర్ఘము, క్రింది ఒత్తు ఒకదానినొకటి తగులుతాయి. చెక్క టైపు చేసినవారు ఇరుకు అక్షరాన్ని వేరుగా గీసుకొని కోసేవారు. కంప్యూటరులో డి.టి.పి. వచ్చిన తరువాత ఉన్న అక్షరాన్నే ప్రక్కల నుండి నొక్కివేయుట తేలికయింది. నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు లావుగానే ఉండిపోయి, అక్షరము కుంటుతుంది. సువార్త సభల కరపత్రాలలోను ఫ్లెక్సీలలోను ఇది నిత్యము చూస్తున్నదే. వాటిలో ప్రసంగీకుని పేరు ఎంత లావున ఉంటుందో, మూలవాక్యము రెఫరెన్సు ఎంత సన్నగా అడుగున ఉంటుందో కూడ పాఠకులకు చెప్పనవసరము లేదు.

శీర్షిక, వాక్యము

ఇక బైబిలు పుటకు వద్దాము. తొలి గ్రీకు వ్రాతప్రతులలో మాటకు మాటకు మధ్య ఎడము కూడ లేదు. దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు వంటి నామాలను కుదించి పైన గీత గీయుట తప్ప, లావు అక్షరము వంటిదేదియు అందులో లేదు. లూకా 15:11 ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులున్నారని ఆరంభమవుతుంది. పైన తప్పిపోయిన కుమారుడని శీర్షిక ఉన్నందున పెద్ద కుమారునిమీద ప్రసంగము అరుదైపోయింది. పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతుండగా చెప్పిన ఉపమానములో పెద్దవాడు వెనుకకు వెళ్లిపోవుట చిన్న నష్టము కాదు.

ఇంతకంటె బరువైనది ఎఫెసీ 5వ అధ్యాయము. 21వ వచనము విశ్వాసులందరు ఒకరికొకరు లోబడవలెనని చెబుతుంది. 22వ వచనము భార్యలను గూర్చినది. సుమారు క్రీ.శ. 200 నాటిదని సాధారణంగా ఎంచబడే పి46 ప్రతిలోను, నాలుగవ శతాబ్దపు వాటికన్ ప్రతిలోను 22వ వచనములో లోబడుట అనే క్రియాపదమే లేదు. పై వచనములోని క్రియనే ఇక్కడికి తెచ్చుకోవాలి. అంటే రెండు వచనాలు ఒకే వాక్యపు భాగాలు. 1984 నాటి ఆంగ్ల ఎన్.ఐ.వి. సరిగ్గా ఈ రెంటి మధ్య లావు అక్షరాల శీర్షిక పెట్టింది. 2011 ముద్రణలో ఆ శీర్షికను 21వ వచనానికి పైకి జరిపారు. ఒక్క వచనము దూరమే. కాని శీర్షిక క్రిందినుండి చదువుట ప్రారంభించిన కాపరి పరస్పర లోబాటు అనే మాట లేకుండానే భార్యలకు ఉపదేశము చేశాడు. కొన్ని ఇండ్లలో ఆ ఉపదేశము దెబ్బలకు సాకుగా వాడబడిందని కౌన్సెలింగు చేసే కాపరులెవరికీ తెలియని సంగతి కాదు.

అపొస్తలుడే పెద్ద అక్షరాలు వ్రాసిన చోటు ఒకటుంది గదా అని విద్యార్థులు అడుగుతారు: గలతీ 6:11. కింగ్ జేమ్స్ అనువాదకులు దీనిని పొడవైన ఉత్తరము అన్నట్టుగా అనువదించారు. మన తెలుగు బైబిలు అక్షరాలు అనియే చెబుతుంది, గ్రీకు మూలానికి అదే సరి. 1865లో లైట్‌ఫుట్ ఈ అక్షరాల పరిమాణము పౌలు నిశ్చయతకు సరిపోయిందని, చదువరి దృష్టిని పట్టి నిలిపేందుకే అలా వ్రాశాడని వ్యాఖ్యానించాడు. డైస్‌మన్ మాత్రం అది పనిచేసి మొద్దుబారిన చేతి వ్రాత అన్నాడు. గోడలన్నీ లావు అక్షరాలతో నిండిన ఇంగ్లండులో కూర్చొని వ్రాసిన లైట్‌ఫుట్‌కు ఆ భావము సహజంగా తోచి ఉండవచ్చునని మా ఊహ. అయినను సందర్భము ఆయన వైపే ఉన్నదని మేము ఒప్పుకొంటాము. ఎందుకంటే ఆ వెంటనే, 12వ వచనము నుండి, పత్రిక సారమంతా మరల వస్తుంది. ఆ పెద్ద అక్షరాలలో పౌలు మొదట గద్దించినది శరీర విషయములో బాగుగా కనబడగోరి సున్నతిని బలవంతపెట్టేవారిని. పి46లో ఈ పుట మిగిలే ఉంది. ఆ లేఖకుడు పెద్ద అక్షరాలను గూర్చిన ఆ మాటను, దాని తరువాతి మాటలను, మిగతా పత్రిక అంతటిని వ్రాసిన అదే పరిమాణములో వ్రాశాడు.